పద్నాలుగు అడుగుల దారి

ఓతకర్ నిచ్చెనెక్కి గుడిసె అరుగు మీదకొచ్చేసరికి స్రేతెన్ వాలుగ చేప పొట్ట కోస్తున్నాడు.

"మళ్ళీ అదే కాగితమా?" అన్నాడు కత్తి ఆపకుండా.

"అదే. ఈసారి అక్షరాలు పెద్దవి చేయించాను. నీ కళ్ళ కోసం."

"నా కళ్ళకేం, బాగానే ఉన్నాయి. చదివాకే చెబుతున్నా. సంతకం పెట్టను."

ఓతకర్ కాగితాన్ని చేపల బల్ల మీదే పెట్టాడు, రక్తం లేని మూల చూసి. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు. బ్ర్నో నగరంలో నడుపుతున్న కంప్యూటర్ల వ్యాపారం అమ్ముకొచ్చి ఈ లంక మీద దేశం పెట్టాడు. ఎవరినైనా "నువ్వు" అనే పిలుస్తాడు, అరవై ఏడేళ్ళ స్రేతెన్‌ని కూడా. వాళ్ళ దేశంలో పెద్దా చిన్నా లేదట.

"నిన్ను బలవంతం చెయ్యడం లేదు," అన్నాడు. "మా దేశంలో ఎవరూ ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు. రాజ్యాంగంలో మొదటి వాక్యమే అది."

"మరి మూడోసారి ఎందుకొచ్చావ్?"

"అడగడం బలవంతం కాదుగా."

"ఈగ కూడా అదే అంటుంది," అని స్రేతెన్ చేప పేగుల్ని అరుగు అంచు మీదుగా నీళ్ళలోకి విసిరాడు. కొన్ని చుక్కలు కాగితం మీద పడ్డాయి. పడాలనే విసిరాడు.

డాన్యూబ్ నది ఎప్పుడో ఆ మలుపులో పాత దారి వదిలి కొత్త దారి పట్టింది. రెండు దేశాల సరిహద్దు గీత మాత్రం పాత దారినే పట్టుకు వేలాడింది. దాంతో మధ్యలో మిగిలిన కొంగ లంకని మాది కాదంటే మాది కాదని రెండు ఒడ్లూ చేతులు దులుపుకున్నాయి. ఎవరికీ అక్కర్లేని ఆ నేలమీద స్రేతెన్, అతని భార్య దెసాంకా ఓక్ దుంగలు నిలిపి, మనిషిన్నర ఎత్తున గుడిసె కట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. స్రేతెన్ నదిలో ఇసుక తోడే పడవ మీద పనిచేసి పింఛను తీసుకున్నవాడు. దెసాంకా పోయి ఆరేళ్ళు.

నాలుగేళ్ళ కిందట ఓతకర్ వచ్చి పసుపు జెండా పాతి, ఇది వోల్నియా దేశం అన్నాడు. పన్నులుండవు, పోలీసులుండరు, సంతకం పెట్టని చట్టం ఎవరికీ వర్తించదు. కంప్యూటర్ల మీద పదకొండు వందలమంది పౌరులు చేరారు. లంకమీద మాత్రం వేసవిలో తొమ్మిదిమంది కనిపిస్తారు. మొదటి మంచు పడగానే వాళ్ళు కూడా అపాతిన్ ఊళ్ళో వెచ్చటి అద్దె ఇంటికి పోతారు. చలికాలమంతా దేశాధ్యక్షుడి ఇనప డబ్బా ఆఫీసు మీద కాకులు కాపురం చేస్తాయి.

ఇప్పుడు చిక్కల్లా ఒక ఉత్తరంతో వచ్చింది. ఎక్కడో మహాసముద్రంలో ఉన్న కిరువా దీవుల ప్రభుత్వం రాసింది: మిమ్మల్ని దేశంగా ఒప్పుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. అయితే నేల ఉండాలి, పాలన ఉండాలి, నిలకడగా బతికే జనం ఉండాలి. చలికాలం కూడా అక్కడే ఉన్న పౌరుణ్ణి ఒక్కరినైనా మా దూతకి చూపించండి.

లంకమీద చలికాలాలు గడిపిన మనిషి స్రేతెన్ ఒక్కడే. అతను పౌరుడు కాడు.

"ఒక్క సంతకం," అన్నాడు ఓతకర్. "నీ దగ్గర్నించి ఏమీ తీసుకోం. పన్ను లేదు, సైన్యం లేదు. ఏం పోతుంది నీకు?"

స్రేతెన్ కత్తి కడిగాడు. "విను. నేను పుట్టిన దేశం ఇప్పుడు లేదు. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా నాలుగు దేశాల పౌరుణ్ణయ్యాను. ప్రతిసారీ ఒకడు ఇలాగే కాగితం తెచ్చి, ఏం పోతుంది అన్నాడు. ఒకసారి సంతకం పెట్టాక, అదిగో, పరాయి దేశమైపోయిన ఆ ఒడ్డున, నా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డ మిర్కోని పదేళ్ళు చూడలేకపోయా. గట్టిగా కేకేస్తే వినపడే దూరం. నా పెళ్ళాం ఈ గుడిసె ఎందుకు కట్టమందో తెలుసా? కాగితాలు రాని చోటు ఒక్కటన్నా ఉండాలని. ఆ చోటిది. దిగు."

ఓతకర్ దిగాడు. కాగితం మాత్రం తీసుకెళ్ళలేదు.

రెండు రోజుల తర్వాత నీలం తాళ్ళు వచ్చాయి.

వోల్నియాలో ఒక పద్ధతి ఉంది. ఎవరిదీ కాని నేలలో నాలుగు గూటాలు పాతి, తాడు కట్టి, ఏదో ఒక పని మొదలుపెడితే ఆ నేల వాళ్ళది. అంతదాకా వాళ్ళు స్రేతెన్ గుడిసె వైపు రాలేదు. ఇప్పుడు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా సుత్తి మోతే. స్రేతెన్ అరుగు మీదనుంచి చూస్తుండగానే గుడిసె చుట్టూ తాళ్ళు మొలిచాయి. గుడిసె నీడ పడేంత మేర వదిలారు, అంతే. నిచ్చెన కిందనుంచి పడవ కట్టేసే విల్లో చెట్టు దాకా పద్నాలుగు అడుగులు. ఆ పద్నాలుగు అడుగులూ, ఆ చెట్టూ ఓతకర్ పేరున పడ్డాయి.

"ఇదేం పనిరా?" అని అరిచాడు స్రేతెన్.

"నీ గుడిసె ముట్టుకోలేదు," అన్నాడు ఓతకర్ కిందనుంచి. "అది నీ ఆస్తి. నీ ఆస్తిని ప్రాణమిచ్చైనా కాపాడతాం. ఇది నా ఆస్తి. నా అనుమతి లేకుండా నడిస్తే దొంగతనం."

"పీక చుట్టూ తాడేసి, మెడ ముట్టుకోలేదంటావ్!"

"పౌరులందరికీ నా నేలమీద దారి ఉచితం. సంతకం పెట్టు, నడువు."

విదేశాంగ వ్యవహారాలు చూసే బ్లాజెనా, పక్కనే గూటం పట్టుకు నిలబడి, తల ఎత్తలేదు. ప్రేగ్‌లో న్యాయశాస్త్రం చదివిన పిల్ల. చిన్నగా అంది: "బాబాయ్, దూత వచ్చి వెళ్ళేదాకానే. తర్వాత రద్దు చేసుకోవచ్చు మీరు."

"నువ్వు నన్ను బాబాయ్ అనకు. బాబాయ్ వాకిట్లో గూటాలు పాతేదాన్ని ఏమనాలో మా భాషలో మాటుంది. ఆడపిల్లవని ఊరుకుంటున్నా."

అయితే తాళ్ళు కట్టినవాళ్ళలో ఎవర్ట్ అనే డచ్చివాడొకడున్నాడు. అరవై దాటిన మనిషి, మితభాషి. గుడిసెకి వెనకవైపు ముక్క అతనిది. అందరూ మోకాలెత్తున తాడు కడితే అతను ఛాతీ ఎత్తున కట్టాడు. కాస్త వంగితే చాలు, తాడు దాటకుండానే మనిషి దూరిపోవచ్చు. ఆ ముక్క దాటి రెల్లులోంచి చుట్టూ తిరిగితే పడవ దగ్గరికి చేరొచ్చు. పద్నాలుగు అడుగుల దారికి రెండువందల అడుగులు. అయినా దారే.

మర్నాడు ఓతకర్ అది చూసి మండిపడ్డాడు. "తాడు దించు."

"నా నేల," అన్నాడు ఎవర్ట్. "నా తాడు. ఎంత ఎత్తున కట్టుకోవాలో నా ఇష్టం."

"నువ్వు దేశం గొంతు కోస్తున్నావ్."

"బలవంతం చేస్తున్నావా?"

ఓతకర్ తాడు వంక ఓసారి చూసి వెళ్ళిపోయాడు. స్రేతెన్ పైనుంచి అంతా విన్నాడు. ఎవర్ట్ తలెత్తి అతని వంక చూడనైనా లేదు, నమస్కారమూ ఆశించలేదు. లోకంలో కొందరు చేసే మేలు ఇలాగే, అవతలివాడి మెడ వంచకుండా, నడుం మాత్రం వంచితే అందేలా ఉంటుంది.

వారం తిరక్కుండా ఓతకర్ విల్లో చెట్టు కోయించాడు. తన నేల, తన చెట్టు. రంపం ఆగేసరికి, దానికి కట్టిన పడవ మొద్దుతో సహా ప్రవాహంలో పడి కొట్టుకుపోయింది. స్రేతెన్ గొడ్డలి పట్టుకుని నిచ్చెన దిగాడు. చివరి మెట్టు మీద ఆగాడు. కింద నీలం తాడు, తాడవతల చేతులు కట్టుకుని ఓతకర్.

"కొట్టు," అన్నాడు ఓతకర్. అతని మొహం పాలిపోయింది కానీ కదల్లేదు. "కొడితే నువ్వూ వాళ్ళలాంటివాడివేనని తేలిపోతుంది. తుపాకులున్న ఆ రెండు ఒడ్లవాళ్ళలాంటివాడివి. నేను మూడుసార్లు ఆ ఒడ్డు జైల్లో పడుకున్నా ఈ మట్టి కోసం. నాకు దేశం కావాలి ముసలాయనా. నీకు వట్టి మొండితనం కావాలి."

"నాకు నా పడవ కావాలి."

స్రేతెన్ గొడ్డలి నిచ్చెనకే దిగ్గొట్టి పైకెక్కిపోయాడు. సాయంత్రానికి ఎవర్ట్ తన చిన్న పడవకి స్రేతెన్ పడవ కట్టి లాక్కొచ్చాడు. మూడు మైళ్ళు ఎదురీది తెచ్చాడు. గుడిసె వెనక రెల్లులో కట్టేసి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయాడు.

ఆ సంగతి అలా ఉండగా, స్రేతెన్‌కి రోజూ మధ్యాహ్నం రేడియోలో నీటిమట్టాలు వినే అలవాటు. నదిమీద బతికిన ప్రతి ఇంట్లో ఉన్నదే. వార్తలప్పుడు మాట్లాడుకుంటారు గానీ నీటిమట్టాలప్పుడు పిల్లలు కూడా నోరెత్తరు. ఉప్పూకారం లేని గొంతుతో ఒకావిడ చదువుతుంది: పస్సావ్, లింజ్, వియన్నా, బ్రాతిస్లావా, బుడాపెస్ట్... ఏ ఊళ్ళో ఎన్ని సెంటీమీటర్లు, ఎంత పెరిగింది, ఎంత తగ్గింది. ఆ మే నెల రెండోవారం, పైదేశాల్లో కొండలమీద మంచు ఒక్కసారిగా కరిగి, దానిమీద వాన కూడా పడింది. పస్సావ్ దగ్గర ఒక్క రోజులో నూట నలభై పెరిగిందని విన్నాడు. వేళ్ళమీద లెక్క వేసుకున్నాడు. ఆ నీళ్ళు ఇక్కడికి చేరడానికి ఏడు రోజులు. దూత వచ్చేది వచ్చే శనివారం. సరిగ్గా ఏడు.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. చెప్పకపోతే పోయేదేముంది? గూటాలు పోతాయి, తాళ్ళు పోతాయి, ఇనప డబ్బాలో బురద చేరుతుంది. తనకంతకంటే కావలసిందేమిటి? కానీ నీళ్ళొస్తాయని తెలిసి ఊరుకున్నవాణ్ణి నదిమీద మనిషంటారా? తెల్లారాక రెల్లులోంచి చుట్టూ తిరిగి ఆఫీసు డబ్బా దగ్గరికి వెళ్ళాడు.

"శనివారానికి లంక మునుగుతుంది. మీ దూతని ఇంకో నెల ఆగమని చెప్పండి."

ఓతకర్ నవ్వాడు. "భయపెట్టి తేదీ మార్పించాలనా? బాగుంది. ఎవరు చెప్పారు?"

"రేడియో."

"సర్కారు రేడియో. సర్కారు చెప్పింది మేం నమ్మం. మాకు మా పద్ధతుంది." బ్లాజెనా వైపు తిరిగాడు. "పందెం పెట్టు."

ఏ సంగతి తేలకపోయినా వాళ్ళు కంప్యూటర్‌లో పందెం పెడతారు. పదకొండు వందలమంది పౌరులూ సొంత డబ్బు ఒడ్డి అవుననో కాదనో అంటారు. డబ్బు ఒడ్డినవాడు అబద్ధం చెప్పడు, కాబట్టి ఎటు ఎక్కువ పడితే అదే నిజమని వాళ్ళ నమ్మకం. అరగంట తర్వాత బ్లాజెనా చదివింది: "మునిగే అవకాశం నూటికి ఆరు."

"ఆ పందెం కాసినవాళ్ళలో డాన్యూబ్ చూసినవాళ్ళు ఎంతమంది?" అనడిగాడు స్రేతెన్.

బ్లాజెనా కంప్యూటర్ మూసింది.

"పోనీ, మీ పందెం సంగతి నదికి తెలిపారా?"

"నూటికి ఆరు," అన్నాడు ఓతకర్. "ఇక నువ్వు నా నేల మీంచి జరుగు."

శుక్రవారం సాయంత్రానికి రెల్లు మొదళ్ళు తడిశాయి. శనివారం తెల్లవారేసరికి కొంగ లంక లేదు. గోధుమ రంగు నీళ్ళు గుడిసె దుంగల్ని సగందాకా పట్టుకుని నిదానంగా, చప్పుడు లేకుండా దిగువకి పోతున్నాయి. గూటాలు ఎక్కడున్నాయో, ఏ ముక్క ఎవరిదో దేవుడికే తెలియాలి. నీలం తాడు ముక్కొకటి తేలుతూ పోతుంటే దానిమీద ఒక కప్ప కూర్చునుంది.

దూత రాకకి ఏర్పాట్లు చెయ్యాలని ముగ్గురే రాత్రి లంకమీద ఉండిపోయారు: ఓతకర్, బ్లాజెనా, ఎవర్ట్. ముగ్గురూ ఇనప డబ్బా పైకప్పు మీద కూర్చుని ఉన్నారు. డబ్బా ఉన్నది పల్లం; పైకప్పుకి నీళ్ళు ఇంకా జానెడు దూరం. వాళ్ళ మోటారు పడవ కనుచూపు మేరలో లేదు. ఎవర్ట్ చిన్న పడవా లేదు. ఓతకర్ జెండా కర్ర వదల్లేదు.

స్రేతెన్ పడవ తోసుకుంటూ వెళ్ళి డబ్బాకి ఆనించాడు. ముందు బ్లాజెనా దిగింది, తర్వాత ఎవర్ట్. ఓతకర్ కదల్లేదు.

"నేను నిన్ను అడగలేదు," అన్నాడు.

"నేనూ నిన్ను రమ్మనలేదు. ఎక్కు. ఈ నీళ్ళు నీవీ కావు, నావీ కావు. ఇక్కడ దొంగతనం లేదు."

ఓతకర్ జెండా కర్రతోనే ఎక్కాడు. పడవ గుడిసె చేరేసరికి ఎగువనుంచి అద్దె పడవ ఒకటి వచ్చింది. దాంట్లో నల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి, ఒళ్ళో తోలుసంచీ. కిరువా దూత మొలే. జడ్జిగా చేసి రిటైరైన డెబ్బై ఏళ్ళ మనిషి. చుట్టూ నీళ్ళు చూసి కంగారు పడలేదు. బూట్లు విప్పి మెడలో వేసుకుని, స్రేతెన్ చెప్పకుండానే నిచ్చెన పట్టుకుని చకచకా గుడిసెలోకి ఎక్కాడు.

"మా ఇంటికి కూడా ఇలాగే ఎక్కుతాం," అన్నాడు, స్రేతెన్‌కి తప్ప అందరికీ వచ్చిన ఇంగ్లీషులో. "మా దీవుల్లో సముద్రం ఏటా కాస్త కాస్త ఇంట్లోకొస్తోంది. అందుకే మాకు కొత్త స్నేహితులు కావాలి."

స్రేతెన్ పొయ్యి రాజేశాడు. చేపల పులుసుకి కళాయి పొయ్యి మీద వేలాడదీశాడు. ఎర్ర మిరపపొడి రెండు గరిటెలు. చలికి పళ్ళు కొట్టుకుంటున్న బ్లాజెనాకి పెట్టెలోంచి దెసాంకా ఉన్ని మేజోళ్ళు తీసి విసిరాడు. ఆ పిల్ల వాటిని తొడుక్కోకుండా కాసేపు చేతుల్లోనే పట్టుకుంది.

"తొడుక్కో. చచ్చినదానికి చలెయ్యదు," అన్నాడు కటువుగా, అటు తిరిగి.

తిండి పూర్తికాకముందే మొలే సంచీలోంచి కాగితాలు తీశాడు. "పని పనే కదా. నేల?"

ఓతకర్ కిటికీ వైపు చూపించాడు. "ఉంది. కింద."

మొలే తల ఊపాడు. వెక్కిరింపేమీ లేదు ఆ ఊపులో. "నేల నీళ్ళ కిందకి పోతే దేశం పోయినట్టు కాదు. అలా అనుకుంటే మా దేశమే ఉండదు. పాలన మీరు. జనం?"

ఓతకర్ స్రేతెన్ పక్కకి జరిగి, సెర్బియన్ భాషలో, పెదాలు కదపకుండా అన్నాడు: "సంతకం అక్కర్లేదు. ఒక్కసారి అవునను. చాలు. దారి నీకే ఇచ్చేస్తా. చుట్టూ ఉన్న నేలంతా నీ పేర రాస్తా. నాలుగేళ్ళ బతుకు పెట్టా దీంట్లో. నీకు దణ్ణం పెడతా."

ఆ చివరి మాట స్రేతెన్‌కి నచ్చలేదు. వాడు తిట్టినప్పుడే నయంగా ఉండేది.

"అయ్యా," అన్నాడు మొలే స్రేతెన్‌తో, గౌరవంగా. "చలికాలాలు ఇక్కడ గడిపింది మీరే కదా. మీరు వోల్నియా పౌరులా?" బ్లాజెనా ఆ ప్రశ్నని అతని భాషలోకి మార్చింది. ఒక్క అక్షరం అటూ ఇటూ చెయ్యకుండా మార్చింది. చెయ్యాలనుకుంటే చెయ్యగలిగేది.

అవునంటే పోయేదేమీ లేదు. నిజంగానే లేదు. దారి వస్తుంది, మనశ్శాంతి వస్తుంది. కాకపోతే రేపట్నించి ఈ గుడిసె కూడా కాగితాలొచ్చే చోటవుతుంది.

"కాను," అన్నాడు స్రేతెన్.

"మరి వీళ్ళు?"

స్రేతెన్ గరిటె కళాయి అంచుకి కొట్టి పులుసు దులిపాడు. "వీళ్ళు నా ఇంటికొచ్చిన చుట్టాలు."

బ్లాజెనా ఆ మాటనీ ఉన్నదున్నట్టు చెప్పింది. మొలే కలానికి మూత పెట్టాడు. "మా ఊళ్ళో కూడా అంతే," అని, ఇంకాస్త పులుసు అడిగాడు. గంట తర్వాత అద్దె పడవలో వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురికీ అందులో చోటు లేదు.

"నువ్వు చేసింది ద్రోహం," అన్నాడు ఓతకర్.

"నీకు బాకీ ఏదన్నా ఉంటే కదా ద్రోహం. తిను. ముళ్ళు చూసుకో."

ఒడ్డునుంచి వేరే పడవ వచ్చి బ్లాజెనాని, ఎవర్ట్‌ని మర్నాడు తీసుకెళ్ళింది. ఓతకర్ వెళ్ళలేదు. తను వెళ్ళిపోతే లంకమీద దేశం తాలూకు మనిషి ఎవరూ మిగలరని అతని పట్టుదల. తొమ్మిది రోజులు గుడిసె మూల గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్రేతెన్ గిన్నె పెట్టేవాడు, అతను తినేవాడు, మాటల్లేవు. ఒకసారి మాత్రం మధ్యాహ్నం రేడియోలో ఆవిడ నీటిమట్టాలు చదువుతుంటే ఓతకర్ లేచి కూర్చుని, చివరి ఊరిదాకా విన్నాడు.

పదోరోజు నేల బయటపడింది. అంతా వేలెడు మందాన బురద, నున్నగా, ఎవరి గుర్తూ లేకుండా. ఓతకర్ దిగి వెళ్ళి కొత్త గూటాలూ తాడూ తెచ్చుకుని నిచ్చెన కిందికి వచ్చాడు.

"మళ్ళీ పాతుతున్నా," అన్నాడు. "ఈసారి నీ దారి వదిలేస్తా. పద్నాలుగడుగులూ. తొమ్మిది రోజులు నీ తిండి తిన్నా. ఊరికే తీసుకోవడం మా పద్ధతి కాదు. ఇది దానికి ధర."

స్రేతెన్‌కి ఒళ్ళు మండింది. "ఇంటికొచ్చినవాడికి పెట్టిన గిన్నెకి ధర కడతావా? తీసుకుపో నీ దారి! నాకొద్దు."

"ధర తీసుకోవా? ఊరికే ఇవ్వమంటావా?"

"నిన్ను ఇవ్వమన్నదెవడు?"

ఓతకర్ గూటం ఒక చేత్తో, సుత్తి ఒక చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. అమ్మడానికీ లేదు, ఇవ్వడానికీ లేదు. వాళ్ళ ఒక్క పేజీ రాజ్యాంగంలో ఆ రెండూ కానిది ఇంకోటి లేదు. గూటం మొన బురద మీద ఆనించాడు, మళ్ళీ తీశాడు.

స్రేతెన్ వల భుజాన వేసుకుని నిచ్చెన దిగాడు. రెల్లువైపు తిరగలేదు. బురదలో కాళ్ళు పీక్కుంటూ, ఓతకర్ పక్కనుంచి, తిన్నగా నీళ్ళవైపు నడిచాడు. పద్నాలుగు అడుగులు పడేదాకా వెనకనుంచి ఏదో ఒక మాట వస్తుందని వీపంతా చెవులు చేసుకున్నాడు.

సుత్తి చప్పుడూ రాలేదు, మాటా రాలేదు.